ముప్పై ఒకటో బడి

"ముందు బెంచీ దిగండి. బూట్లతో ఎక్కారు. పిల్లలు కూర్చునేది దాని మీదే."

వెనకనుంచి వచ్చిన ఆ మాటకు అతని చేతిలో సుత్తి గాల్లోనే ఆగిపోయింది. తిరిగి చూశాడు. గుమ్మంలో నాలుగో తరగతి టీచరు నిలబడి ఉంది. నుదుటి మీద శెనగగింజంత సున్నపు చుక్క. అది అక్కడ ఉన్న సంగతి ఆమెకు తెలియదు.

"ఇన్‌స్పెక్షన్‌కి వచ్చానండీ. బిల్డింగుల సెక్షన్ ఇంజినీర్ని."

"ఎవరైతేనేం? బూట్లు బూట్లేగా."

దిగాడు. బూట్లు విప్పి మళ్లీ ఎక్కాడు. ఎడమ సాక్సులోంచి బొటనవేలు బయటికి చూసింది. నలభై మంది పిల్లలూ పాఠం వదిలేసి ఆ వేలినే చూశారు. టీచరు కూడా చూసింది. పెదవి బిగబట్టి కిటికీ వైపు తిరిగింది.

నగరంలో సర్కారు బళ్లు ముప్పై ఎనిమిది. అన్నీ తాతలనాటి కట్టడాలు. మరమ్మతు ఏడాదికి ఆరింటికే. ముందు ఏవి, వెనక ఏవి అన్నది తేల్చడానికి ప్రతి బడికీ వెళ్లి మార్కులు వేయడం అతని పని. చేరి ఎనిమిది నెలలైంది, ఇంకా పర్మనెంటు కాలేదు. సంతలో ఎద్దు డొక్క తట్టి చూసే రైతులా, చిన్న సుత్తితో గోడల్ని తట్టేవాడు. గట్టి గోడ ఒకలా పలుకుతుంది, లోపల విడిపోయిన గోడ మరోలా పలుకుతుంది. ఏ బడిలో అడుగుపెట్టినా పిల్లలు చిటికెలో పేరు పెట్టేసేవారు. టకటక సారు.

"టకటక సారూ, గోడ ఏమంటోంది?" అని అడిగింది ముందు బెంచీ పిల్ల. ఆ పిల్లకు పై పళ్లు రెండు లేవు.

"ఒంట్లో బాగానే ఉందంటోంది."

"మరి మా టీచరుకి చూడండి. నిన్నట్నుంచీ అన్నం సరిగ్గా తినట్లేదు."

"నువ్వు ఎక్కం రాయి," అంది టీచరు గబుక్కున.

గది నడిమిన ఈ గోడనుంచి ఆ గోడకు ఒక దూలం. దూలం వెళ్లి కిటికీ పక్క గోడలో కూర్చునే చోట పెద్ద అట్ట వేలాడుతోంది. గ్రహాలు, చుక్కలు, మధ్యలో పళ్లెమంత సూర్యుడు. పిల్లలు రంగు కాగితాలు కత్తిరించి అంటించారు.

"ఆ అట్ట ఒకసారి తీయిస్తారా? దూలం చివర చూడాలి."

"వద్దండీ!"

ఆ గొంతులో వణుకు ఉంది. "ఆర్నెల్లు కష్టపడి చేశారు పిల్లలు. తీస్తే చిరిగిపోతుంది. ప్లీజ్."

అప్పటిదాకా కోపంగా ఉన్న కళ్లు ఒక్కసారిగా బతిమాలుతున్నాయి. ఆ వణుకు పిల్లల మీద ప్రేమే అనుకున్నాడు అతను. రూలు ప్రకారం తీయించి చూడాలి. చూడలేదు.

"పరవాలేదులెండి," అన్నాడు.

ఆ ఒక్క మాట తరవాత్తరవాత చేపముల్లులా అతని గొంతులో అడ్డం పడింది. ఆ పూట మాత్రం తేలిగ్గా దిగిపోయింది. కాగితంలో 'దూలాలు: బాగున్నాయి' అని రాసి సంతకం పెట్టాడు. మొత్తం కలిపితే ఇరవై మూడు మార్కులు.

గేటు దాకా వచ్చింది ఆమె. "పాసయ్యామా సార్?"

"మార్కులు చెప్పకూడదండీ. కానీ మంచి బిల్డింగు. భయపడకండి."

ఆమె నవ్వింది. ఆ నవ్వు చూసినవాడు బస్టాపు దాటి రెండు వీధులు నడిచి వెళ్లిపోయాడు.

రెండ్రోజులకు మళ్లీ వచ్చాడు. కిటికీలు లెక్కపెట్టడం మర్చిపోయానన్నాడు. నాలుగు రోజులకు తలుపుల కోసం వచ్చాడు.

"ఇంజినీరింగులో లెక్కలు చెప్పరా అండీ?" అంది ఆమె.

"చెప్పారండీ. మీ గేటు దాటగానే మర్చిపోతున్నాను."

"మా పిల్లల పక్కన కూర్చోండి మరి. ఒకటి నుంచి మొదలుపెడదాం."

పిల్లలు ఇకిలించారు. అతని చెవులు ఎర్రబడ్డాయి. బెంచీలన్నీ తలుపు వైపు జరిగి ఉండడం వచ్చిన రెండుసార్లూ అతని కంట పడింది. గదిలో సగం ఖాళీ, మిగతా సగంలో ఒక్కో బెంచీకి ఐదుగురు. చూశాడు గానీ ఎందుకని అడగలేదు. ప్రేమలో పడ్డవాడికి రెండు కళ్లూ ఒక్కచోటే ఉంటాయి.

* * *

బుధవారం పొద్దున ఆఫీసు గోడ మీద ముసాయిదా లిస్టు అంటించారు. పది గంటలకల్లా ఆమె అతని టేబుల్ ముందు నిలబడి ఉంది.

"ముప్పై ఒకటా?"

"కూర్చోండి..."

"కూర్చోను. ముప్పై ఒకటా మా బడి? మంచి బిల్డింగన్నారుగా!"

"అందుకేనండీ ముప్పై ఒకటి. మీకన్నా ముప్పై బళ్లు అన్యాయంగా ఉన్నాయి."

ఆమెకు అర్థం కాలేదు. అతనికీ ఆమె కోపం అర్థం కాలేదు.

"మార్కులు ఎక్కువ వచ్చినవాళ్లకేగా ముందు చేసేది?" అంది.

"అవును. ఎంత పాడైతే అన్ని మార్కులు."

"పాడైతేనా?"

"మరి?"

ఆమె కుర్చీ వీపు పట్టుకుంది. "మేం అలా అనుకోలేదండీ. బడి బాగా పెట్టుకున్నవాళ్లకే ఇస్తారనుకున్నాం. ఎప్పుడూ అంతేగా. ఇన్‌స్పెక్షన్ అంటే సున్నం కొట్టాలి, నేల కడగాలి, ఎక్కడన్నా బాగోకపోతే..."

ఆగిపోయింది.

"బాగోకపోతే?"

"ఏం లేదు. ఇంకా మార్చొచ్చా ఇది?"

"శుక్రవారం కమిటీ సంతకాలు. ఆ తరవాత మారదు. ముప్పై ఒకటంటే ఆరో ఏడు వస్తుంది మీ వంతు."

"ఆరో ఏడు," అంది ఆమె, ఎవరో చెప్పిన చావుకబురు మళ్లీ చెప్పుకున్నట్టు. కిటికీలోంచి ఆకాశం వైపు చూసింది. "వెళ్లాలండీ. మబ్బు పట్టింది."

గుమ్మం దాటుతూ తలుపు పట్టుకుంది.

ఆమె వెళ్లాక అతనికి పని సాగలేదు. మబ్బు పడితే టీచరుకు భయమెందుకు? పాడైతే మార్కులన్నప్పుడు మొహంలో నెత్తురుచుక్క లేకుండా ఎందుకు పోయింది? బెంచీలు ఒకపక్కకే ఎందుకున్నాయి?

మొదటి చినుకు కిటికీ రేకు మీద పడింది.

ఫైలు తీశాడు. 'దూలాలు: బాగున్నాయి.' కింద తన సంతకం, ముత్యాలకోవలా. దూలం చివర తను చూడనే లేదు. చూసినట్టు రాశాడు.

ఇప్పుడు చెబితే ఉద్యోగం ఉండదు. కొడుకు పర్మనెంటు కాగానే సంబంధాలు చూడాలని అమ్మ ఎదురుచూస్తోంది. చెప్పకపోతే? ఎవరికీ తెలియదు. అట్టవెనక ఏముందో అట్టకే తెలుసు. ఎవరికీ తెలియదన్న ఆలోచనకే అతనికి ఎక్కువ భయం వేసింది. సుత్తి జేబులో పెట్టుకుని వానలోకి దిగాడు.

* * *

బడి చేరేసరికి మోకాళ్లదాకా తడిశాడు. నాలుగో తరగతి గుమ్మంలో ఆగాడు.

నలభై మందీ తలుపు వైపు సగంలో ఇరుక్కుని ఉన్నారు. వాళ్లకూ దూలానికీ మధ్య టీచరు నిలబడి ఉంది, గద్దను చూసిన కోడిపెట్టలా. వాన హోరుకు పైగా గొంతు పెంచి పాఠం చెబుతోంది. ఒక్కో వాక్యం చివర కళ్లు పైకి వెళ్లి వస్తున్నాయి. అట్ట మీద గ్రహాల రంగులు కారి గోడ మీద చారలు కట్టాయి.

"అట్ట తీయాలండీ," అన్నాడు.

ఈసారి వద్దనలేదు. "నేనే తీస్తాను," అంది.

"మీరు అటు వెళ్లకండి." తనే వెళ్లి తీశాడు. తడిసిన అట్ట నలిగి కిందపడింది.

వెనక జానెడు వెడల్పున నున్నటి కొత్త పూత. గోడకు గోడలా కలిసిపోయింది. ఎంత నేర్పుగల చెయ్యో! కానీ దాని అంచున వెంట్రుకంత గీత. గీతలోంచి తుప్పు రంగు నీటిచుక్క ఉబ్బి జారింది.

సుత్తితో మెల్లిగా ఒక్కసారి తట్టాడు. డొల్ల. రెండోసారి తట్టడానికి చెయ్యి రాలేదు.

"ఎవరు పూశారు?"

"మా నాన్న." ఆమె గొంతు పిల్లలకు వినపడనంత కిందికి దిగింది. "తాపీ మేస్త్రి. నేనే అడిగాను. ఇన్‌స్పెక్షన్‌లో ఆ పగులు కనపడితే బడి పరువు పోతుందన్నారు పెద్ద మేడం. నాన్న చెప్పాడు, లోపలి జబ్బు మానదమ్మా, ఇది పైపూతేనని. విన్నానా? పైన పటారం చేయించాను."

"బెంచీలు?"

"ఆ రోజునుంచీ ఇటే. దూలం కింద ఒక్కర్నీ కూర్చోనివ్వలేదు. అన్నం బెల్లు కొట్టినా నేను ముందు లోపలికొచ్చి పైకి చూసి... పదిహేను రోజులండీ."

"పదిహేను రోజులు ఒక్కరే మోశారా ఇంత భయం!"

"తిట్టండి. తిట్టాలిగా."

"తరవాత తిడతాను. ముందు పిల్లల్ని బయటికి తీయండి. గోడవారగా. చప్పుడు కాకుండా."

ఆమె చప్పట్లు కొట్టలేదు. వేలు పెదవుల మీద పెట్టుకుంది. "చూద్దాం, మూడో తరగతి దాకా పిల్లిలా ఎవరు నడుస్తారో. చెప్పుల చప్పుడు వినపడితే ఓడిపోయినట్టే." నవ్వుతూనే చెప్పింది. ఆ నవ్వు మొయ్యడానికి ఎంత బలం కావాలో అతనొక్కడికే కనపడింది.

గుమ్మం దగ్గర నిలబడి లెక్కపెట్టాడు. ముప్పై ఏడు. ముప్పై ఎనిమిది. ముప్పై తొమ్మిది.

వరండాలో వరస అయిపోయింది.

"ఇంకొకరేరీ?"

ఇద్దరూ ఒకేసారి లోపలికి చూశారు. పళ్లులేని పిల్ల దూలం కింద గొంతుకూర్చుని తడిసిన అట్టలోంచి సూర్యుణ్ణి ఊడదీస్తోంది.

"నేను అంటించింది టీచర్," అంది మెల్లిగా, ఆటలో ఓడిపోకుండా.

పైన ఎక్కడో కట్టె విరిగినంత సన్నటి చప్పుడు.

అతను కేక వేయలేదు. ఆమె కూడా వేయలేదు. ఎవరు ముందు కదిలారో తరవాత ఇద్దరూ చెప్పలేకపోయారు. పిల్ల ఒక చెయ్యి ఆమె చేతిలో, ఒక చెయ్యి అతని చేతిలో ఉంది. గుమ్మం దాటి ముగ్గురూ వరండా నీళ్లలో పడ్డారు. వెనక చేటంత పెళ్ల వచ్చి నేలకు కొట్టుకుంది. దుమ్ము గుమ్మం దాకా వచ్చి, వానకు ఆగిపోయింది.

పిల్ల చేతిలో సూర్యుడు ఉన్నాడు. సగం చిరిగి.

టీచరు ఆ పిల్లను గుండెకు అదుముకుని కూర్చుంది.

పెద్ద మేడం పరుగున వచ్చి లోపలికి తొంగి చూసి గోడ పట్టుకుంది. "అయ్యో! బయట తెలిస్తే బడి మూసేస్తారయ్యా!"

"బడి కాదు మేడం. ఈ గది." తాళం అడిగి తీసుకుని తనే వేశాడు.

* * *

శుక్రవారం కమిటీ గది బయట బల్ల మీద ఆమె కూర్చుని ఉంది. పక్కన ఇస్త్రీ చొక్కాలో ఒక పెద్దాయన. అరచేతులు ఎండిన పొలంలా పగిలి ఉన్నాయి.

"మీరెందుకొచ్చారు?" అన్నాడు అతను.

"తప్పు నాదని చెప్పడానికి."

"సంతకం నాదండీ."

"దాచింది నేను."

"చూడనిది నేను."

"వద్దన్నానుగా నేను!"

పెద్దాయన ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "మంచి పేరుకి కొట్టుకునేవాళ్లని చూశాను గానీ, చెడ్డపేరుకి ఇలా కొట్టుకునేవాళ్లని చూళ్లేదు. లోపలికి పదండి, అందరికీ సరిపడా ఉంటుంది."

లోపల పొడుగు టేబుల్. అతని ఆఫీసు పెద్దసారు, మరో నలుగురు. లిస్టు మధ్యలో ఉంది, పెన్ను దాని మీద. అతను జరిగింది జరిగినట్టు చెప్పాడు.

పెద్దసారు కళ్లజోడు తీశాడు. "అట్ట ఎందుకు తీయించలేదు?"

"టీచరుగారు వద్దన్నారు సార్."

"ముప్పై ఎనిమిది బళ్లు తిరిగావు. ఎంతమంది వద్దని ఉంటారు! వద్దన్న ప్రతివాళ్ల మాటా విన్నావా?"

అబద్ధానికి అక్కడ చోటు ఉంది. అతను వెతకలేదు.

"లేదు సార్. ఈవిడ ఒక్కరి మాటే విన్నాను."

కమిటీలో పెద్దావిడ ఒకరు దగ్గు వచ్చినట్టు చెంగు అడ్డం పెట్టుకుంది. టీచరు తల ఎత్తలేదు. మెడదాకా ఎర్రబడింది. మేస్త్రి మాత్రం కూతురి వైపు కాకుండా అతని వైపు చూశాడు, తూకపు దారం పట్టి గోడ నిలువు చూసినట్టు.

"అది ప్రేమ కావచ్చు. ఉద్యోగం మాత్రం కాదు," అన్నాడు పెద్దసారు.

"తెలుసు సార్. ఆ పిల్ల గదిలో ఉండిపోయినప్పుడు తెలిసింది."

అప్పుడు మేస్త్రి లేచాడు. "నేనో మాట చెప్పొచ్చా అండీ? ఆ పూత నాది. పూసినందుకు నన్నేం చేసినా సరే. కానీ నేనొక్కణ్ణే కాదు. సారు వస్తున్నాడని కబురు అందగానే ఈ నెలంతా మా తాపీవాళ్లకి బళ్లలోనే పని. ఎక్కడెక్కడ పగిలిందో అక్కడక్కడ పూశాం. నాకు తెలిసి పదకొండు బళ్లు. తెలియనివి ఎన్నో!"

పెద్దసారు లిస్టు వైపు చూశాడు. ఒకటి నుంచి ముప్పై ఎనిమిది దాకా, వరసగా, అందంగా, అబద్ధంగా. ఏ బడి పరువుకు ఎక్కువ భయపడిందో ఆ బడే వెనక్కి వెళ్లింది. మెల్లిగా పెన్నుకు మూత పెట్టాడు.

"మూడు వారాల్లో మళ్లీ చెయ్యి. మేస్త్రిగారిని వెంటబెట్టుకుపో. ఎక్కడ పూశారో ఆయన చూపిస్తాడు. ప్రతి బడికీ ఉత్తరం రాయి, పాడైంది చూపిస్తేనే బాగుచేస్తాం అని. నీ పర్మనెంటు ఫైలు ఏడాది ఆగుతుంది. టీచరమ్మా, నీ సంగతి మీ డిపార్టుమెంటుకి రాస్తాను, తప్పదు. ఇద్దరికీ ఇంకా ఉద్యోగాలున్నాయి. దేవుడికి దణ్ణం పెట్టుకోండి."

బయటికొచ్చాక ఆమె మాట్లాడకుండా మెట్లు దిగిపోయింది. మూడు వారాలు ఆ బడి వైపు అడుగు వేయలేదు. ఆమె నుదుటి మీది సున్నపు చుక్క గురించి మొదటి రోజే చెప్పి ఉంటే బాగుండేదని మాత్రం అప్పుడప్పుడూ అనుకున్నాడు.

* * *

మూడు వారాలూ మేస్త్రి వెనకే తిరిగాడు. మేస్త్రి అరచెయ్యి గోడకు ఆనించి నడిచేవాడు. ఒకచోట ఆగేవాడు. "ఇక్కడ." అంతే మాట. ఇరవై రెండు బళ్లలో 'ఇక్కడ' అన్నాడు. నదివారన ఉన్న బడిలో మెట్ల కింద చెయ్యి పెట్టి, చటుక్కున వెనక్కి లాక్కున్నాడు. ఆ మెట్ల మీదనుంచి రోజూ మూడొందల మంది దిగుతున్నారు. ఆ మధ్యాహ్నమే వాటికి అడ్డం కట్టించి మూసేశారు.

కొత్త లిస్టు వచ్చింది. నదివారన బడి ఒకటి. టీచరు వాళ్ల బడి నాలుగు.

కబురు చెప్పడానికి వెళ్లక తప్పలేదు. బడి ఖాళీ చేస్తున్నారు. మరమ్మతు అయ్యేదాకా వీధి చివర పాత లైబ్రరీ హాలులో క్లాసులు. పిల్లలు పుస్తకాలు నెత్తిన పెట్టుకుని వరసగా వెళుతున్నారు. ఆమె గేటు దగ్గర ఉంది.

"నాలుగండీ," అన్నాడు. "మొదటిది కాలేదు."

"మొదటిదాన్ని గురించి నాన్న చెప్పాడు." ఆమె కళ్లు మూసి తెరిచింది. "వాళ్లదే ముందు చెయ్యండి. మాకన్నా భయంగా బతికారు పాపం."

కాసేపు ఇద్దరూ వెళుతున్న పిల్లల్ని చూశారు.

"ఆ రోజు కమిటీలో అందరి ముందూ అలా అనేశారేంటండీ?" అంది చివరికి, అటే చూస్తూ. "కోపం కాదు. మిమ్మల్ని చూస్తే ఏడుస్తానేమోనని వెళ్లిపోయాను. మూడు వారాలైంది, ఒక్కసారన్నా రాలేదు!"

"వద్దంటారేమోనని."

"అంటే వినేస్తారా మళ్లీ?"

"వినను. ఇకమీదట మీరు వద్దన్నా చూడాల్సింది చూస్తాను. అలా చూసేవాడు మీకు పనికొస్తాడా?"

ఆమె ఒక పిల్ల నెత్తిమీదనుంచి జారుతున్న పుస్తకాలు సరిచేసి పంపింది. "మా నాన్న మీ గురించి ఒకటే మాటన్నాడు."

"ఏమని?"

"'నిలువుగా ఉన్నాడు' అన్నాడు. నాన్న గోడని కూడా అంత మెచ్చుకోడు. వాళ్లమ్మగారికి ఎప్పుడు ఫోన్ చేస్తాడో అడగమన్నాడు."

"ఇప్పుడే చేస్తాను." చేశాడు. అటు అమ్మ ఎత్తగానే అతనికి మాట పెగల్లేదు.

"ఏంరా? ఒంట్లో బాగాలేదా? గొంతేంటి అలా ఉంది?"

"అమ్మా... ఒకమ్మాయి... టీచరు..."

ఆమె చెయ్యి చాచి ఫోన్ తీసుకుంది. "నమస్కారమండీ. నాలుగో తరగతి చెబుతానండీ."

అవతలి అమ్మ గొంతు పక్కనున్న అతనికీ వినిపించింది. "మావాడికి భయం ఎక్కువ తల్లీ. చిన్నప్పట్నుంచీ అంతే. ముందే చెబుతున్నాను, తరవాత నన్ను అనొద్దు."

"పరవాలేదండీ. నాకూ ఎక్కువే."

"మంచిదేలే," అంది అమ్మ. "మీ ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు మెలకువగా ఉంటారు."